సారెలో రాని సామాను

తిరుపతి బైరాగిపట్టెడలో మేముండే ఇంటి మెట్ల కింద ఒక స్ట్రాలర్ మడిచి పెట్టి ఉంది. బిడ్డకు పేరు పెట్టిన రోజు మా ఆఫీసు వాళ్లంతా కలిసి ఇచ్చారు. ప్రేమతో ఇచ్చినదే. కానీ మా వీధిలో దాన్ని తోసుకుపోవడానికి ఫుట్‌పాత్ లేదు. కాలువ మీద బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పక్కనుంచే ఆటోలు పోతుంటాయి. రెండుసార్లు బయటికి తీశాం, అంతే.

అదే బిడ్డకు మూడో వారంలో ఒక రాత్రి ఒళ్లు వెచ్చబడింది. టైం ఒంటిగంట. అత్తమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి "ఏం లేదమ్మా, గుడ్డలు ఎక్కువ చుట్టినాం, దానికే" అనింది. నేను పెట్టి చూస్తే కాలిపోతున్నట్టే ఉంది. ఎవరి చెయ్యిని నమ్మాలి? ఇంట్లో ఊయల ఉంది, వెండి గిన్నె ఉంది, బీరువా నిండా బట్టలున్నాయి. థర్మామీటర్ లేదు. మా ఆయన ఆస్పత్రుల వైపు పోయి, తెరిచి ఉన్న ఒక మందుల షాపులో డిజిటల్ థర్మామీటర్ తెచ్చారు. రెండు వందలు కూడా కాలేదు. చంకలో పెట్టి చూస్తే 100.8. ఆ అంకె చూశాక ఇంక వాదన లేదు, బిడ్డను తీసుకుని బయల్దేరాం.

మూడు నెలలు నిండని బిడ్డకు ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 38 సెల్సియస్‌కు చేరితే తెల్లారేదాకా ఆగకూడదు. ఇంట్లో సిరప్ వేసి చూద్దామనుకోవడమూ తప్పే. ఆ వయసులో ఇన్ఫెక్షన్ రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకినా పైకి కనిపించే గుర్తు ఒక్కోసారి జ్వరం ఒక్కటే. ఇక బరువు తక్కువగా పుట్టిన బిడ్డకైతే ఒళ్లు 97.7 కంటే చల్లబడినా ప్రమాదమే. ఈ రెండు అంకెల మధ్య మూడు డిగ్రీల తేడా కూడా లేదు. మన అరచెయ్యి అంత సన్నగా కొలవలేదు.

ఇంతమంది ఇంత ఖర్చు పెట్టి సామాను తెచ్చినా ముఖ్యమైనదే ఎందుకు తప్పిపోయింది? ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని నేను ఆలోచించింది ఇదే. మన వైపు మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు ఊయల, మొలతాడు, పరుపు, బట్టలు సారెతో పాటు వస్తాయి. ఆ జాబితా పుట్టిన కాలంలో ఇంటి నిండా మనుషులుండేవారు. అవ్వ పీట మీద కాళ్లు చాపి కూర్చుంటే ఆ కాళ్లే బిడ్డకు నీళ్ల తొట్టి. చిన్నమ్మ చంక ఎక్కితే ఊరంతా తిరిగి రావచ్చు. ఇంకెవరో ఒకరు విసనకర్రతో దోమలు తోలుతుండేవారు. ఇప్పుడు భర్తకు శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ, భార్యకు తిరుపతిలో ఉద్యోగం, రెండు గదుల అద్దె పోర్షన్. చేతులు తగ్గిపోయాయి, జాబితా మాత్రం పాతదే. దాని మీద ఫోన్లో కనిపించే ప్రకటనలు వచ్చి చేరాయి. వాటిలో చూపించే సామాను చాలావరకు వెడల్పాటి ఫుట్‌పాత్‌లు, ఇంటింటికీ కారు ఉన్న ఊళ్ల కోసం తయారైనది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతాను. ఈ వస్తువు ఎవరి చేతి పని చేస్తుందో చూడండి, ఆ చెయ్యి మీ ఇంట్లో ఉందో లేదో చూడండి, అప్పుడు కొనండి.

ఈ లెక్కన చూస్తే అన్నిటికంటే ముందు కొనాల్సింది, ఎవరింట్లోనూ కనిపించనిది ఒకటుంది. బైక్ మీద బిడ్డకు కట్టే సేఫ్టీ బెల్టు.

తిరుమల కొండ కింద అలిపిరి చెక్‌పోస్ట్ దగ్గర ఓ అరగంట నిలబడి చూడండి. తనిఖీ కోసం ఆగిన బండ్లలో ఎన్నింటి మీద చంటిబిడ్డలుంటారో. పోయిన నెల నా కళ్లముందే ఒక స్కూటర్ ఆగింది. నడిపే ఆయన వెనక ఏడాది బిడ్డ, ఆ వెనక తల్లి. బిడ్డ నిద్రపోతోంది. తల ఎడమ పక్కకు వాలిపోయి, మెడ మీద చెమట. తల్లి ఒక చేత్తో బిడ్డను అదిమి పట్టుకుంది, రెండో చేత్తో సంచి. ఆమె చెయ్యి తిమ్మిరెక్కిందేమో, సంచిని ఒళ్లో పెట్టుకుని చెయ్యి మార్చింది. ఆ రెండు మూడు సెకన్లు బిడ్డను పట్టుకున్న వాళ్లెవరూ లేరు. అప్పుడు బండి ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. ఘాట్ రోడ్డు మలుపులో అదే చెయ్యి మార్చాల్సి వస్తే?

దీనికి చట్టం ఎప్పుడో వచ్చింది. 2022 ఫిబ్రవరి 15న కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది, అవి ఏడాది తర్వాత అమల్లోకి వచ్చాయి. నాలుగేళ్ల లోపు పిల్లలను బైక్ ఎక్కిస్తే బిడ్డను నడిపేవారికి బెల్టుతో కట్టాలి, తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. బైక్ హెల్మెట్ బదులు ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ అయినా చాలని అందులోనే ఉంది. బెల్టు 30 కిలోల బరువు ఆపగలగాలి. చూడ్డానికి అది ఒక చిన్న జాకెట్‌లా ఉంటుంది. బిడ్డకు తొడిగి, దాని పట్టీలను నడిపేవారు భుజాలకు వేసుకుంటారు, కాళ్ల మధ్య నుంచి కూడా పట్టీ వస్తుంది. బిడ్డ నిద్రపోయినా ఒళ్లు పక్కకు జారదు.

కారున్న వాళ్లకు చైల్డ్ సీటు గురించి కాస్తో కూస్తో తెలుసు. 2019 సవరణలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. కానీ మన ఊళ్లో చంటిబిడ్డలు ఎక్కువగా తిరిగేది స్కూటర్ మీదే. టీకాకు స్కూటర్, గుడికి స్కూటర్, చంద్రగిరిలో పెళ్లికి స్కూటర్. అలాంటి ఊళ్లో బిడ్డల షాపులో అడిగితే "ఆ బెల్టు అడిగేవాళ్లే లేరమ్మా, తెప్పించలేదు" అన్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. తొమ్మిది నెలల లోపు బిడ్డనైతే అసలు బండి ఎక్కించకండి, ఆటోలో పోండి. కుదుపులను తట్టుకునేంత బలం మెడకు ఇంకా రాని వయసు అది.

కొండ మాట వచ్చింది కాబట్టి, బిడ్డను మన ఒంటికి కట్టుకునే క్యారియర్ గురించీ చెప్పాలి. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిలో దర్శనం ఉండడంతో, పుట్టు వెంట్రుకల మొక్కు కూడా ఉంటుంది కాబట్టి, తిరుమలలో చంటిపిల్లలు ఎప్పుడూ కనిపిస్తారు. కల్యాణకట్ట నుంచి వరుస దాకా, అక్కడి నుంచి ప్రసాదం దాకా బిడ్డ చేతుల్లోనే ఉండాలి. మెట్లున్న చోట స్ట్రాలర్ ఇంకో బరువు. మెత్తటి నూలు క్యారియర్ ఉంటే రెండు చేతులూ ఖాళీ. అయితే అన్ని క్యారియర్లూ ఒకటి కాదు. మన అవ్వలు చంకనెత్తుకుంటే బిడ్డ కాళ్లు రెండు వైపులా విచ్చుకుని, మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైకి ఉంటాయి. తుంటి కీలు సరిగ్గా కూర్చోవడానికి ఆ భంగిమ మంచిది. క్యారియర్ కూడా బిడ్డను అలాగే కూర్చోబెట్టాలి. కాళ్లు తిన్నగా కిందికి వేలాడేది వద్దు. బిడ్డ గడ్డం ఛాతీకి ఆనకుండా, మొహం మనకు కనిపిస్తూ, వంగి ముద్దుపెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. మే నెల ఎండలకు మందం ఫోమ్ ఉన్నవి అసలు పనికిరావు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఒక మెత్తటి గుడ్డ కూడా వైద్యమే. బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని సిఫారసు చేస్తోంది. తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది, ఆ సంగతి మగవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఉగ్గుగిన్నె విషయంలో మాత్రం మనం చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం. చీకే శక్తి లేని పసిబిడ్డకు పిండిన తల్లిపాలు పట్టడానికి చంటిపిల్లల వార్డుల్లో నర్సులు వాడేది ఆ మూతి ఉన్న గిన్నెనే. తమిళనాడు పక్కనే కాబట్టి మన దగ్గర పాలాడై అంటే కూడా తెలుస్తుంది. సీసా పీకలో, మూత మరల్లో పాల జిడ్డు దాక్కుంటుంది. గిన్నెలో దాక్కోవడానికి చోటే లేదు, ఒక్క మరుగుతో శుభ్రం. 1992 నాటి చట్టం పాలసీసాలకు, డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వడాన్నే నిషేధించింది, అంత ఆలోచించి పెట్టిన నిషేధం అది. అయినా బిడ్డను చూడ్డానికి వచ్చేవాళ్ల చేతుల్లో సీసాల సెట్టు ఉంటూనే ఉంది. మా ఇంటికీ మూడు వచ్చాయి. మా అమ్మ తన పెట్టెలోంచి తీసిచ్చిన ఇత్తడి ఉగ్గుగిన్నె బాగున్నా, రోజూ వాడడానికి స్టీలుది కొనుక్కున్నాం.

సెలైన్ నాసల్ డ్రాప్స్, అంటే ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు కూడా దగ్గర పెట్టుకోండి. పసిబిడ్డలు ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు దిబ్బడ వేస్తే పాలు తాగలేక ఏడుస్తారు. ముక్కులో నూనె చుక్కలు వేయడం మాత్రం మానాలి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. పాత నూలు పంచెలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, గొడుగులా తెరుచుకునే దోమతెర, ఇవి ఎన్ని ఉన్నా మిగలవు.

కొనకూడనిది ఒకటి చెప్పాలి, వాకర్. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. అందులో కూర్చున్న బిడ్డ ఒక్క సెకనులో మూడడుగులకు పైగా దూసుకుపోగలదు. మనం ఉలిక్కిపడి లేచేలోపు గడప, మెట్లు, పొయ్యి. పైగా అది నడక నేర్పదు, ఆలస్యం చేస్తుంది. మన పాత మూడు చక్రాల చెక్క బండి నయం, బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి తోస్తుంది.

ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పయిన తల్లులకు ఇచ్చే ఎన్టీఆర్ బేబీ కిట్‌లో దోమతెర ఉన్న పరుపు పెట్టడం నాకు చాలా నచ్చింది. అందులోనే పౌడర్ కూడా ఉంది. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతుందని పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు. అది తీసేసి ఒక థర్మామీటర్, ఒక స్టీలు ఉగ్గుగిన్నె పెట్టాలి. రాత్రి ఒంటిగంటకు మందుల షాపు వెతుక్కోలేని పల్లెల్లో ఆ థర్మామీటర్ అవసరం మా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మా బెల్టు వచ్చిన రోజు అత్తమ్మకు కోపమొచ్చింది. "ఇదెందుకు, నేను పట్టుకోనా?" అనింది. ఆ మాటలో బాధ ఉందని నాకు తెలుసు. నలుగురు బిడ్డలను పట్టుకున్న చెయ్యి అది. కొన్నాళ్లు ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు మా ఆయన బండి తాళం తీస్తే చాలు, బిడ్డ రెండు చేతులూ పైకెత్తి నిలబడుతుంది, బెల్టు తొడగమని. వెనక క్లిప్పు టక్కున పడిందో లేదో వేలితో లాగి చూసేది మాత్రం అత్తమ్మే.