కొత్త హైస్కూల్ భవనానికి ఒకవైపు వరండాయే కావాలి

మా ఊరి హైస్కూల్‌కు కొత్త తరగతి గదుల భవనం వస్తోందని తెలిసి సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొన్న తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ప్లాన్ చూశాక మాత్రం ఆ సంతోషం నిలవలేదు. రెండంతస్తుల భవనం, అంతస్తుకు ఆరు గదులు, మధ్యలో పొడవాటి నడవా, దానికి ఇటు మూడు గదులు, అటు మూడు గదులు. రెండు వరసలకూ ఒకే నడవా సరిపోతుంది కనుక స్లాబు, ఇనుము కలిసివస్తాయని చెప్పారు. ఆ మాట నిజమే. కానీ ఏడాదిలో సగానికి పైగా ఒంటి మీద చెమట ఆరని ఈ గోదావరి డెల్టాలో, గదికి ఒక్క పక్కనే కిటికీలుండే భవనం పిల్లలకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

గాలి ఆడాలంటే వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి. నడవా వైపు తలుపు ఉంది కదా అన్నారు. ఆ తలుపుకు ఎదురుగా ఉన్నది మరో గది తలుపు. ఈ గదిలో నలభై మంది కలిసి పద్యం అందుకుంటే ఆ గదిలో లెక్కల మాస్టారి గొంతు వినబడదు కాబట్టి, పాఠం జరుగుతున్నంతసేపూ రెండూ మూసే ఉంటాయి. కరెంటు పోతే ఫ్యాన్లు ఆగిపోవడమే కాదు, నడవా పట్టపగలే చీకటవుతుంది.

నేను చదువుకున్న పాత పెంకుల బడి ఇంకా అక్కడే ఉంది. గదులన్నీ ఒకే వరస. దక్షిణాన ఎనిమిదడుగుల వరండా, ఉత్తరాన నిలువెత్తు కిటికీలు. ఒంటిపూట బడుల రోజుల్లో పదకొండు గంటల ఎండ వరండా గచ్చు మీదే ఆగిపోయేది, మా బల్లల దాకా వచ్చేది కాదు. శ్రావణంలో జల్లు కొడితే తడిసేది వరండాయే. మా గొడుగులన్నీ అక్కడే వరసగా విప్పి ఆరబెట్టి, తలుపులు తెరుచుకునే పాఠం వినేవాళ్లం. మండువా లోగిళ్లు కట్టిన మన పెద్దలకు చూరు కింద నీడ విలువ బాగా తెలుసు.

కొత్త భవనాన్ని రోడ్డుకు ముఖంగా, ఉత్తర దక్షిణాలుగా పొడవు పెట్టి గీశారు. అంటే సగం గదుల మీద మధ్యాహ్నం నుంచి బడి విడిచేదాకా పడమటి ఎండ నేరుగా పడుతుంది. భవనం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. మన డెల్టాలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. జూన్‌లో బడులు తెరిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే కనుక ఉత్తరపు కిటికీలకూ సన్‌షేడ్ తప్పనిసరి.

బేస్‌మెంట్ ఎత్తు రెండడుగులని రాశారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారినప్పుడు మా ఊరి గట్టు తెగింది. ఆ నీటి చార పాత బడి గోడ మీద సున్నం కింద ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. మొన్న టేపుతో కొలిస్తే నేల నుంచి మూడడుగుల రెండంగుళాలు వచ్చింది. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ మెరక చేస్తున్నందువల్ల బడి ఆవరణ అంతకంతకూ పల్లమైపోతోంది. నాలుగడుగుల ఎత్తు అడగడం అత్యాశ కాదు. అంత ఎత్తుకు, అడుగుకు పన్నెండడుగుల చొప్పున, 48 అడుగుల ర్యాంపు కావాలి. భవనం పొడవునా వరండా ఉంటే దాని పక్కనే ర్యాంపుకూ చోటు దొరుకుతుంది.

పునాది సంగతి ఇంజనీర్లకు వదిలేస్తాను. వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే మన బంకమట్టిలో, అడుగున గడ్డలా వెడల్పు చేసి పోసే అండర్ రీమ్డ్ పైల్స్ గురించి మాత్రం ఒకసారి ఆలోచించమని కోరుతున్నాను.

మెట్ల విషయంలో రాజీ పడకూడదు. ప్లాన్‌లో నడవా మధ్యలో ఒక్క మెట్లదారి, నాలుగడుగుల వెడల్పుతో ఉంది. జాతీయ భవన నియమావళి బడి మెట్లకు కనీసం మీటరున్నర వెడల్పు చెబుతోంది. 2004 జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు మంటల్లో చనిపోయారు. అక్కడి మెట్లదారి ఇరుకైనది. వరండా రెండు కొసల్లోనూ మెట్లు పెడితే పై అంతస్తు పిల్లలు ఎటునుంచైనా బయటపడగలరు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన మా ఊరివాళ్లకు, వరదైనా గాలివానైనా ముందు గుర్తొచ్చే చోటు హైస్కూలే. ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ చీకట్లో ఎక్కాల్సింది ఆ మెట్లే.

ఇదంతా చేస్తే డబ్బు చాలదంటారు. అలాగైతే పన్నెండు గదులకు బదులు ఇప్పుడు పదే కట్టండి, మిగిలిన రెండు గదులూ తర్వాతి విడతలో కట్టుకుందాం. గది తర్వాతైనా కట్టుకోవచ్చు గానీ, నడవాకు ఇరుపక్కలా గోడలు లేచాక వరండా తెచ్చి అతికించలేం. వచ్చే సమావేశానికి నేను కొలతలు రాసుకున్న కాగితం తెస్తాను. పునాది ముగ్గు పోయకముందే ప్లాన్ మార్చి గీయించమని కమిటీ సభ్యులందరినీ అడుగుతున్నాను.