అకారాది క్రమంలో ఒక అనర్థం

నల్లగొండలో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి పొందిన నాకు అకారాది క్రమం మీద ఉన్న మమకారమే ఈ మొత్తం వ్యవహారానికి మూలమని మా మేనల్లుడు కంప్యూటర్ పరిభాషలోను, మా ఇంటామె మామూలు పరిభాషలోను ఇప్పటికి పలుమార్లు తేల్చి చెప్పారు.

2020 ఏప్రిల్‌లో, ఊరంతా తలుపులు మూసుకుని కూర్చున్న రోజుల్లో, మా జిల్లా చెరువుల గురించి, గుళ్ల గురించి, వాడుక తప్పుతున్న మాటల గురించి పదిరోజులకొక ఉత్తరం రాసి ఈమెయిల్‌లో పంపడం మొదలుపెట్టాను. మొదటి ఉత్తరం పదకొండు మందికి వెళ్లింది. వారిలో నలుగురు మా ఇంట్లోవాళ్లే, వాళ్లు చదవలేదు. అయిదేళ్లలో ఉత్తరాల సంఖ్య 186కు, చందాదారుల సంఖ్య 1,143కు చేరింది. చందాదారులంటే డబ్బు కట్టినవారని కాదు. చిరునామా ఇచ్చి, వచ్చినదాన్ని భరించడానికి ఒప్పుకున్నవారు. వీరు ఒట్టి పాఠకులు కూడా కారు. ప్రతి ఉత్తరం కింద ఒకరినొకరు పలకరించుకుంటారు, పోట్లాడుకుంటారు, సందు దొరికితే పిల్లలకు సంబంధాలు సైతం వెదుక్కుంటారు. చెరువు నిండి పొర్లిపోయే చోటును అలుగు అనాలా, మత్తడి అనాలా అన్న విషయం మీద రెండు పక్షాలుగా చీలి ఏడు నెలలు వాదించుకున్నారు. ఆ వాదం తేలలేదు. వానలు వెనకపట్టడంతో ఆగింది, అంతే.

ఈ సంసారాన్నంతా ఒక వేదిక నుంచి మరొక వేదికకు మార్చవలసిన అవసరం డాలరు వల్ల వచ్చింది. పాత వేదిక వెయ్యి మంది దాకా ఉచితం; వెయ్యి దాటిన నాటి నుంచి నెలనెలా కట్టాలి, అదీ డాలర్లలో. నా పింఛను రూపాయల్లో వస్తుంది. చందాదారులు పెరుగుతున్నారని సంబరపడవలసిన మనిషి, ఎవరైనా నూట నలభై ముగ్గురు అలిగి వెళ్లిపోతే బాగుండునని రోజూ పొద్దున్నే లెక్క చూసుకునే స్థితికి దిగజారాడు. అప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు, తక్కువ ధరకు మన సొంత పేరు మీదనే ఉత్తరాలు పంపిపెట్టే వేరొక వేదికను చూసిపెట్టాడు.

"పది నిమిషాల పని మామా," అన్నాడు ఫోన్‌లో. "చందాదారుల జాబితా ఒక ఫైలు, పాత ఉత్తరాలు ఒక ఫైలు. అక్కడ దించి ఇక్కడ ఎక్కించుడే. నువ్వు మాత్రం వాటిని ముట్టకు."

ముట్టాను.

ముట్టకుండా ఎలా ఉండగలను? ఆ జాబితాలో పేర్లు ఎవరు ముందు వస్తే వారు ముందు అన్న బస్టాండు పద్ధతిలో ఉన్నాయి. 'వ' పక్కన 'అ', దాని కింద 'మ', ఆ పైన ఎవరో 'క్ష'! ఒక తెలుగు పంతులు చేతికి ఇటువంటి జాబితానిచ్చి ముట్టవద్దనడం ఆకలిగొన్నవాడి ముందు విస్తరి వేసి చేతులు కట్టివేయడంతో సమానం. ఎక్సెల్‌లో తెరిచి, పేర్లను అ నుంచి హ దాకా చక్కగా అమర్చి, భద్రపరిచాను. భద్రపరిచేటప్పుడు ఆ యంత్రం ఏ రకంగా భద్రపరచమంటారని ఏవో నాలుగైదు మార్గాలు చూపింది. వాటిలో ఒకటి మర్యాదస్తుడిలా కనిపిస్తే ఎంచుకున్నాను. యూటీఎఫ్-8 అన్న మాట ఉన్న వరుసను ఎంచుకుంటేనే తెలుగు తెలుగుగా మిగులుతుందని, లేకపోతే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమైపోతుందని తరువాత తెలిసింది.

అదే ఊపులో పాత ఉత్తరాలనూ శీర్షికల వారీగా అకారాదిలో పెట్టాను. పెట్టిన తరువాత తేదీల వరుస కంట పడింది. నేను ప్రతి ఉత్తరం చివర తిథితో సహా తెలుగు సంవత్సరం వేస్తాను. పాత వేదిక దాన్ని లక్ష్యపెట్టకుండా ఒట్టి అంకెలు వేసుకుంది. కొత్త ఇంట్లోకి వెళుతున్నప్పుడైనా పద్ధతిగా వెళ్దామని, పంచాంగాలు ముందు వేసుకుని రెండు రాత్రులు కూర్చుని, 186 అంకెల తేదీలనూ తీసివేసి, శార్వరి మొదలు విశ్వావసు దాకా సంవత్సరం, మాసం, పక్షం, తిథి నింపాను. పని పూర్తయ్యాక ఆ వరుసను చూసుకుంటే కళ్లు చెమర్చాయి. ఆ కన్నీళ్లు కొంత ముందుగా వచ్చాయని ఇప్పుడు అర్థమవుతున్నది.

మే నెలలో ఒక శనివారం సాయంత్రం మేనల్లుడు హైదరాబాదులో కూర్చునే రెండు ఫైళ్లనూ ఎక్కించాడు. అంతకు ముందే వాడు మా పేరును కొత్త వేదికకు ముడిపెట్టి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ముద్రలు వేయించాడు. ఉత్తరం నిజంగా మా ఇంటి నుంచే బయలుదేరిందని అవతలి తపాలావాడు నమ్మడానికి ఆ ముద్రలు కావాలట. 'ప్రచురించగానే సభ్యులకు పంపాలి' అన్న గడిలో టిక్కు ఉండడం గమనించి ఇదేమిటని నేను అడిగాను కూడా. "పాత తేదీ ఉన్నవాటిని అది పంపదు మామా. ఇయ్యాల్టి తేదీ ఉన్నవాటినే పంపుతది," అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ప్లవ నామ సంవత్సర చైత్ర బహుళ అమావాస్య అంటే 2021 మే 11 అని మా వీధి చివరి అయ్యగారు వేళ్ల మీద లెక్కించి చెప్పగలడు గాని, ఆ యంత్రానికి చేతకాలేదు. చేతకాదని ఒప్పుకునే అలవాటు యంత్రాలకు లేదు. అర్థం కాని ప్రతి తిథినీ 'నేడు' అని రాసుకుని, 186 ఉత్తరాలనూ అప్పుడే పుట్టిన శిశువులుగా భావించి, అకారాది క్రమంలో ఒక్కొక్కటే 1,143 మందికి పంపడం మొదలుపెట్టింది.

రాత్రి ఎనిమిదిన్నరకు మొదటి ఫోను దేవరకొండ నుంచి. ఎనభై దాటిన పెద్దాయన. టీవీని నమ్మడు, నన్ను నమ్ముతాడు. "సారూ, మల్ల మొదలైందా?" అన్నాడు గొంతు తగ్గించి. ఏది అన్నాను. "అదే, రేపటి నుంచి పది దినాలు బందని, పొద్దున ఆరు నుంచి పదిదాకనే బయటికి పోవాలని రాసినవు గద. నేను మనవడిని పంపి పదికిలోల ఉల్లిగడ్డ, అయిదు కిలోల ఆలుగడ్డ తెప్పించిన. మాత్రలు కూడా తెప్పిస్తున్న. బత్తాయిలు నీకేమన్న పంపాల్నా?" అది 'ఇంటి నుంచి కదలకండి' అన్న శీర్షికతో, 2021 మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ముందు రోజు రాసిన ఉత్తరం. నేను సంగతి చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మరి ఉల్లిగడ్డ?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

రెండవ ఫోను మిర్యాలగూడ నుంచి, తహశీల్ కార్యాలయంలో పనిచేసి మూడేళ్ల కిందట పదవీ విరమణ పొందిన మిత్రునిది. 'ఉద్యోగ విరమణ శుభాకాంక్షలు' అన్న నా ఉత్తరం చూసి అప్పటికే నలభై మంది ఆయనను అభినందించారట. అందులో ఇద్దరు ఆయన ఇన్నాళ్లూ సర్వీసులోనే ఉన్నాడనుకుని, తమ పని ఎందుకు చేసిపెట్టలేదని నిలదీశారట.

ఇంతలో పలకరింపుల గొడవ మొదలైంది. ప్రతి ఉత్తరం 'గౌరవనీయులైన ఫలానా వారికి' అని పేరుతో మొదలవుతుంది. ఇప్పుడది 'గౌరవనీయులైన ?????? గారికి' అని వెళ్లింది. మూడక్షరాల పేరున్న ఒకాయన, తన పేరుకు ఆరు ప్రశ్నార్థకాలు ఎందుకు పడ్డాయో వివరణ కోరాడు. గుణింతం వేరు, అక్షరం వేరుగా కంప్యూటర్ లెక్కపెడుతుందని, అందువల్ల దీర్ఘమో కొమ్మో ఉన్న ప్రతి అక్షరమూ దానికి రెండని నేను సావధానంగా రాసి పంపాను. ఆయన శాంతించలేదు. మహబూబ్‌నగర్ పాఠకుడొకరు మరింత సూటిగా రాశాడు: "తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులను ఒక్క సంచికలోకి తెచ్చిండు. అందులో ఒక్కరి పేరు కూడ ప్రశ్న కాలేదు. మీరు 1,143 మందిని ఉన్నారో లేరో అన్నట్టు చేసిండ్రు."

నేను మేనల్లుడికి ఫోను మీద ఫోను చేస్తున్నాను. వాడు సినిమా హాల్లో ఉన్నాడు. అర్ధరాత్రి దాటాక వాడు బయటికి వచ్చేసరికి కొత్త వేదిక వారే మా పంపకాన్ని నిలిపివేశారు. అప్పటికి 23 ఉత్తరాలు, అంటే అ నుంచి ఉ దాకా, మొత్తం 26,289 కవర్లు ఊరి మీద పడ్డాయి. రోజుకు అయిదు వేలు దాటి పంపేవారిని జీమెయిల్ వారు 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకంగా కనిపెట్టి ఉంటున్నారట. చేరిన ఉత్తరాల్లో స్పామ్ అని నొక్కించుకున్నవి నూటికి 0.3 దాటకూడదట. మా లెక్కలో అది డెబ్బై ఎనిమిది. పడిన నొక్కులు డెబ్బై తొమ్మిది. ఆ డెబ్బై తొమ్మిదవ వేలు ఎవరిదన్నది నాకు తెలియకపోయినా, మా బావమరిది ఆ తరువాత వారం రోజులు మా ఇంటికి రాలేదన్న విషయాన్ని మాత్రం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

1922లో ఇదే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రికను వెలువరించారు. పాత సంచికలన్నింటినీ ఒక్క రాత్రిలో అందరి ఇళ్లకూ మళ్లీ చేరవేయాలని ఆయన ఎంత పంతం పట్టినా అది అయ్యే పని కాదు. అచ్చు, కాగితం, తపాలా బిళ్ల అనే మూడు అడ్డంకులు ఆ కాలంలో పెద్దమనుషుల పరువును కాపాడుతుండేవి.

ఆదివారం తెల్లవారింది. ఆ 23లో 'ఆదివారం పానగల్లులో కలుద్దాం' అన్నది కూడా ఉందని నాకు ఆరు గంటలకు తట్టింది. ఉత్తరంలో తేదీ రాయకుండా 'ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు' అని రాసిన నా పాత బుద్ధిని తిట్టుకుంటూ బండి తీశాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ముందు పదిహేడు మంది నిలబడి ఉన్నారు. సూర్యాపేట కుటుంబమొకటి పులిహోర డబ్బాలతో వచ్చింది. పాలమూరు నుంచి ఇద్దరు తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి వచ్చారు. ఒకాయన చేతి మీద మడతపెట్టిన స్వెటర్ ఉంది. మే నెలలో, నల్లగొండలో! నేను చూస్తూ ఉండిపోయేసరికి, "చలి ఉంటది, స్వెటర్లు తెచ్చుకొమ్మని రాసిండ్రు గద సార్. మీరు రాసిండ్రంటే ఏదో కారణం ఉంటదని తెచ్చిన," అన్నాడు. 2022 జనవరి ఉత్తరం మరి.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో పులిహోర డబ్బా మూత కూడా తెరుచుకుంది. తిన్న తరువాత చెప్పడం మర్యాదగా ఉండదు కాబట్టి, త్రికూటాలయం లోపలికి తీసుకువెళ్లి, సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలిచే ఆ స్తంభపు నీడను చూపించి గంటన్నర మాట్లాడాను. మూడేళ్ల కిందట ఇదే పిలుపుకు వచ్చినవారు నలుగురే. ఆ సంగతి తలచుకుంటే తప్పు చేసినవాడికి ఉండకూడని సంతోషం ఒకటి లోపల మెదిలింది.

అది ఎక్కువసేపు నిలవలేదు. అక్కడి నుంచి అందరూ ఉదయ సముద్రం చెరువు వైపు నడిచారు, 'అలుగు పారింది' అన్న ఉత్తరం కూడా వారికి అందింది కాబట్టి. మండుటెండలో కట్ట మీద నిలబడి, పారని అలుగు వైపు పదిహేడు మందీ నిశ్శబ్దంగా చూశారు. వరంగల్లు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకాయన గొంతు సవరించుకుని, "నేను అప్పుడే మొత్తుకున్న సార్, మత్తడి అని రాయాలని. మత్తడి అని రాసి ఉంటే, పంపకం 'మ' దాకా రాక ఈ ఉత్తరం మాకు అందేదే కాదు," అన్నాడు. ఏడు నెలల వాదం ఆ కట్ట మీద తిరిగి మొదలైంది.

ఆ రాత్రి క్షమాపణ రాయడానికి కూర్చున్నాను. జరిగినదంతా కారణాలతో, ఉపకారణాలతో, రెండు చాటువులతో రాశాను. మేనల్లుడు చూసి తల పట్టుకున్నాడు. 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ ఉత్తరాన్ని మధ్యలో కత్తిరిస్తుందట. అలంకారాలన్నీ కలిపితే నాది దాటిందట. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే మన అక్షరపు ప్రతి ముక్కకూ మూడు కావాలి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే పద్దెనిమిది. క్షమాపణలోని 'క్ష'కే తొమ్మిది బైట్లు ఖర్చవుతాయని తెలిశాక, ఈ భాషలో తప్పు చేయకుండా ఉండడమే పొదుపు అనిపించింది. చాటువులు రెండూ తీసేసి, నాలుగు పేరాలకు కుదించి, 'క్షమించండి' అని శీర్షిక పెట్టి పంపాను.

సోమవారం గడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. మంగళవారం మేనల్లుడు లోపలికి వెళ్లి చూసి, ఆగిపోయిన పంక్తిలో నా క్షమాపణ కూడా చేరి, ఊ మొదలు క దాకా ఉన్న పాత ఉత్తరాలన్నింటి వెనుక బుద్ధిగా నిలబడి ఉందని చెప్పాడు. "అకారాది మామా," అన్నాడు, ఇంకేమీ అనకుండా. పంక్తిని ఖాళీ చేయాలంటే ఆ వేదిక వారికి రాసుకోవాలి. వారు జవాబివ్వడానికి రెండు రోజులు పడుతుంది. మొదటి ఉత్తరాన్ని ఒక్కదాన్ని మాత్రం మనమే వదలవచ్చునట. ముప్పై ఒక్క సంవత్సరాల అనుభవం అప్పుడు అక్కరకు వచ్చింది. శీర్షికను 'అపరాధం నాదే' అని మార్చాను. క్షణంలో పంక్తి ముందుకు వచ్చి, 1,143 ఇళ్లకూ చేరింది.

పది నిమిషాలకు దేవరకొండ పెద్దాయన ఫోను చేశాడు.

"సారూ, ఉత్తరం అందింది. మంచిగ రాసినవ్. ఇది ఏ సంవత్సరంది?"