ఎప్సమ్ సాల్ట్ చిట్కా అన్ని బ్యాటరీలకూ కాదు

పాత కారు బ్యాటరీలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) నీళ్లు పోస్తే కొత్తదవుతుందని ఎవరో చిట్కా రాశారు గానీ, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి క్లచ్ తొక్కగానే స్టార్టయ్యే కార్లలో ఆ పని చేయకండి. వాటిలో ఉండేది ఈఎఫ్‌బీ (మామూలు దాన్నే ఇంకా గట్టిగా చేసిన రకం) లేదా ఏజీఎం బ్యాటరీ. ఏజీఎంలో యాసిడ్ గాజుపీచు మ్యాట్‌లో ఇంకి ఉంటుంది, మూత తీసి పోయడానికేమీ ఉండదు.

నా కారులో ఆర్నెల్లు ఈ ఆగి స్టార్టయ్యే ఏర్పాటు (స్టాప్-స్టార్ట్) పనిచేయలేదు, పొద్దున సెల్ఫ్ బాగానే తీసుకుంటోంది కదా అని నేనూ పట్టించుకోలేదు. ఆఫీసు మూడు కిలోమీటర్లే, ఆ కాస్త దూరానికి బ్యాటరీ ఏం నిండుతుంది, అది సరిగా నిండకపోతే స్టాప్-స్టార్ట్ పనిచేయదు! రాత్రంతా బండి కదపకుండా ఉంచి మల్టీమీటర్ పెడితే 12.2 వోల్టులు, నిండుగా ఉంటే 12.7 పైనే చూపించాలి. ఏజీఎం మోడ్ ఉన్న స్మార్ట్ చార్జర్ తెల్లారేదాకా పెట్టా. నెగటివ్ క్లిప్పు మాత్రం టెర్మినల్‌కి కాదు, బాడీ ఎర్త్‌కి (టెర్మినల్ మీద సెన్సర్ ఉంది, నేరుగా తగిలిస్తే ఎంత చార్జ్ ఎక్కిందో దానికి తెలియదు). రెండ్రోజులకి సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగింది, ప్రాణం లేచొచ్చింది.

అంతకుముందు ఒక షాపాయన మామూలు బ్యాటరీ వేసుకోండి, చవక అన్నాడు. రోజుకి అన్నిసార్లు స్టార్ట్ చేయడం దానివల్ల అయ్యే పని కాదు. సెల్ పోయిన బ్యాటరీనైతే ఏ చార్జరూ లేపలేదు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి.