ఘంటాగణనం

వచ్చే క్వార్టర్ నుంచి మా ఆఫీసులో అన్నీ కొలుస్తారట. రాసిన కోడ్ లైన్లు, మూసిన టికెట్లు (అంటే పూర్తిచేసిన పనులు), గేటు దగ్గర బ్యాడ్జి గీకిన వేళ, మౌస్ కదిలిన నిమిషాలు. ఆ మెయిల్ వచ్చిన సాయంత్రం బెళ్లందూరు టీ బడ్డీ దగ్గర మావాళ్ల మొహాలు చూడాలి. కోడ్ రాయడం కళ అట, కళను కాటాలో పెట్టి తూచకూడదట.

నేను మాత్రం కొలతల పక్షం. పద్నాలుగేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. అందులో రెండేళ్లయినా సిల్క్‌బోర్డ్ సిగ్నల్ దగ్గరే గడిచి ఉంటాయి. ఇన్నేళ్లలో మా టైమ్‌షీట్‌లో కళకంటూ ఒక గడి కనబడలేదు. మీటింగులకు గడి ఉంది, ట్రైనింగుకు ఉంది, ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చోవడానికి కూడా ఉంది. లేని గడిని ఎలా నింపుతాం?

కళావాదులకు నాయకుడు మా నెల్లూరాయన. ఏది చెప్పినా అష్టావధానంతో పోలుస్తాడు. ఆధార్, వాట్సాప్, ఏఐ, వేరుశెనగ గోదాము ఈ నాలుగూ ఒకే యాప్‌లో ఇమడాలని క్లయింటు అడిగితే అది దత్తపది. ఇది వాడొద్దు, అది ముట్టుకోవద్దు అని సెక్యూరిటీ వాళ్లు లైను లైనుకీ అడ్డుపడితే నిషిద్ధాక్షరి. రాత్రి రెండింటికి "డబ్బు కట్టయింది, ఆర్డరు మాత్రం లేదు" అని ఫోనొస్తే సమస్యాపూరణం. ఆలోచన ఒక కొలిక్కి వస్తుండగా "బ్రో, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా" అని మెసేజి పెట్టేవాడు అప్రస్తుత ప్రసంగి. సభలో ఆ పని చేసే పెద్దమనిషికి కాస్త హాస్యమైనా తెలుసు. ఇంత గోలలోనూ పద్యం బుర్రలో నిలవాలి, చివర్లో ధారణ చెయ్యాలి. ఇదే ఊళ్లో కన్నడ అవధానానికి మళ్లీ ప్రాణం పోసిన శతావధాని ఆర్. గణేశ్ గారు చదివింది ఇంజనీరింగే కదా అని చివర్లో ఒక చురక.

పోలిక బాగుంది, కాదనను. అయితే ఆ సభలో నికరంగా కొలవగలిగింది ఏముంది? పూరణ ఎలా ఉందన్నది ముందు వరసలో కూర్చున్న పంతులుగారు తలూపడాన్ని బట్టి తేలే సంగతి. ఒక్క ఘంటాగణనం మాత్రం అలాంటిది కాదు. గంట ముప్పై ఏడుసార్లు మోగింది, అవధాని ముప్పై ఏడన్నాడు, అయిపోయింది. కాబట్టి మిగతా ఏడు అంశాలూ తీసేసి అదొక్కటే ఉంచాలని నా సూచన. మా ఆఫీసులో ఇది ఎప్పుడో అమల్లోకి వచ్చింది, టైమ్‌షీట్ అంటాం. శుక్రవారం సాయంత్రానికి నలభై గంటలూ లెక్క తేలాలి. పద్యం ఏమైందని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కళావాదుల పెద్దదిక్కు అమెరికాలో ఉన్నారు, కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ కనూత్ గారు. 1974లో, కంప్యూటర్ల నోబెల్ అనిపించుకునే ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ ప్రోగ్రామింగ్ కళే అని ఏకంగా ఉపన్యాసం ఇచ్చారు. సరే, ఆయన ట్రాక్ రికార్డు చూద్దాం. ప్రోగ్రామింగ్ మీద ఏడు సంపుటాలు రాస్తానన్నారు. మొదటిది 1968లో వచ్చింది. 2022లో వచ్చింది నాలుగో సంపుటంలో రెండో ముక్క. మధ్యలో, అచ్చు అందంగా లేదని పుస్తకం పక్కన పెట్టేసి, అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేరును తనే రాసుకున్నారు. అదొక పదేళ్లు. లెక్కల పరిశోధన పత్రాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా దాంతోనే ముస్తాబవుతున్న మాట నిజమే. కానీ ఆ టికెట్ ఎవరు అప్రూవ్ చేశారు? మా దగ్గరైతే, రోజూ నిలబడి పని అప్పజెప్పే స్టాండప్ మీటింగు రెండోది అయ్యేనాటికే హెచ్ఆర్ వాళ్లు కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

ఇంతకన్నా ముదిరిన కేసు ఆపిల్‌లో జరిగింది. 1982లో లీసా కంప్యూటర్ తయారుచేస్తున్న టీమ్‌ను, వారానికి ఎన్ని లైన్లు రాశారో ఫారం నింపి ఇమ్మన్నారు. బిల్ అట్కిన్సన్ అనే ఆయన ఆ వారమే తెర మీద బొమ్మలు గీసే క్విక్‌డ్రా అనే ప్రోగ్రాములో ఒక భాగాన్ని తిరగరాశాడు. వేగం దాదాపు ఆరు రెట్లు పెరిగింది, కోడ్ రెండు వేల లైన్లు తగ్గింది. ఫారంలో మైనస్ 2000 అని వేసి ఇచ్చాడు. కొన్నాళ్లకు ఆయన్ని ఫారం అడగడమే మానేశారు. అంత మెతకగా ఉంటే కంపెనీలు ఎలా నడుస్తాయో నాకు అర్థం కాదు.

మా దగ్గర అలాంటి పప్పులుడకవు. బిల్లింగ్ కోడ్‌లో పన్ను లెక్కని ఎవరో మహానుభావులు అయిదు చోట్ల కాపీ కొట్టి అతికించి పోయారు. నెల్లూరాయన అదంతా ఒకచోటికి తెచ్చి పద్నాలుగు వందల లైన్లు పీకేశాడు. డ్యాష్‌బోర్డులో ఆయన గీత నేలమాళిగలోకి దిగింది. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. ఆయన ఒక్క టేబుల్ మార్చి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని ఆరింటికి ఇంటికెళ్లిపోయాడు. ఒక్క టికెట్. అదే ఫ్లోర్‌లో పక్క టీమ్ వాళ్లకి పన్ను ముప్పై చోట్ల ఉంది. రెండు రాత్రులు నిద్రలేదు, పాపం. ఇరవై మూడు టికెట్లు, ఆరు పెద్ద పిజ్జాలు, వైస్ ప్రెసిడెంట్ గారితో ఫోటో, లింక్డ్‌ఇన్‌లో పోస్టు. నెల్లూరాయన ఆ రాత్రి పెసరట్టు తిన్నాడట. దాని ఫోటో లేదు. అప్రైజల్‌లో ఆయనకు "అంచనాలను కొంతమేరకు అందుకున్నారు" అని వచ్చింది. నాకు ఇందులో అన్యాయమేమీ కనబడలేదు. రాని బగ్గును ఏ గడిలో వేస్తారు చెప్పండి.

కళ మీద మావాళ్లకు గౌరవం లేదనుకోకండి. ఒక్కో పని ఎంత పెద్దదో చెప్పే స్టోరీ పాయింట్లకు వాడే అంకెలు చూడండి: 1, 2, 3, 5, 8, 13. ఫిబొనాచీ అంకెలంటారు గానీ, ఆ ఇటలీ ఆయన 1202లో రాయడానికి ముందే మన ఛందస్సు పండితులకు ఇవి తెలుసు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? అయిదు. అయిదు మాత్రలనైతే ఎనిమిది. విరహాంకుడు, హేమచంద్రుడు మాత్రావృత్తాలను లెక్కించడానికి పట్టుకున్న అంకెలతో ఇప్పుడు మేం లాగిన్ బటన్ రంగు మార్చడాన్ని లెక్కిస్తున్నాం.

కొన్ని వారాల పని విడతను స్ప్రింట్ అంటాం. దానికి పాయింట్లు వేసే మీటింగు ఇలా ఉంటుంది. మేనేజరు గారు "పోయిన స్ప్రింట్‌లో నలభై చేశాం, ఈసారి యాభై చేద్దామా" అంటారు. అందరం కళ్లు దించుకుంటాం. బటన్ రంగు నిన్నటిదాకా రెండు పాయింట్లు. ఎవరో గొంతు సవరించుకుని "సార్, డార్క్ మోడ్ కూడా చూడాలి కదా, అయిదు" అంటారు. అయిదు. పక్కవాడు ధైర్యం తెచ్చుకుని తన మూడుని ఎనిమిది చేస్తాడు. అరగంటలో యాభై రెండు తేలతాయి. పని అదే, మనుషులు వాళ్లే, వేగం మాత్రం ముప్పై శాతం పెరిగింది. ఆ సాయంత్రం సమోసాలొచ్చాయి.

"కొలవలేనిదాన్ని అదుపులో పెట్టలేం" అని మా కాన్ఫరెన్స్ రూములో ఒక ఫ్రేము ఉంది. సాఫ్ట్‌వేర్ నిపుణుడు టామ్ డిమార్కో 1982లో అన్న మాట అది. 2009లో ఆయనే వెనక్కి తగ్గి, దాని మీద తనకు మునుపటి నమ్మకం లేదన్నట్టు రాశారు. ఫ్రేమును గోడకు నాలుగు స్క్రూలతో బిగించారు కాబట్టి మేం తగ్గలేదు.

ఇక మౌస్ సంగతి. మా ఫ్లోర్‌లో ఈ కొలత ముందుగానే మొదలుపెట్టారు. నెల్లూరాయనకు ఆలోచించేటప్పుడు మౌస్ ముట్టుకునే అలవాటు లేదు. కిటికీ దగ్గర నిలబడి రింగ్‌రోడ్డు మీద మెట్రో స్తంభాలు చూస్తుంటాడు. ఈలోగా స్క్రీన్ మీద ఆయన పేరు పక్క పచ్చ చుక్క పసుపుకి తిరుగుతుంది. రెండు హెచ్చరికలు వచ్చాక ఆయన దారికొచ్చాడు. ఇంట్లో వాళ్ల తాతయ్య హెచ్ఎంటీ జనతా వాచీ ఉంది. 1961లో ఈ ఊళ్లోనే, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీ. రోజూ పొద్దున్నే ఆయన దానికి కీ ఇచ్చి టేబుల్ మీద పెడతాడు, అద్దం మీద మౌస్ బోర్లిస్తాడు. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే పైన మౌస్ బాణం సన్నగా వణుకుతూ ఉంటుంది. ఆయన కిటికీ దగ్గరికి పోతాడు. నెలాఖరుకి మా ఫ్లోర్‌లో అత్యంత చురుకైన ఉద్యోగి ఆయనే అని తేలింది. లిఫ్టు పక్కన ఫోటో పెట్టారు. కొలతలు మనిషిని ఎలా బాగుచేస్తాయో చూపడానికి కొత్తగా చేరినవాళ్లను అక్కడికి నేనే తీసుకెళ్తుంటాను.

మొన్న భోజనాల వేళ ఆయనకు నెల్లూరు నుంచి ఫోనొచ్చింది. స్పీకర్‌లో పెట్టి పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"ఏరా, తాతయ్య వాచీ వాడతన్నావా, బీరువాలో పడేశావా?"

"రోజూ ఆఫీసుకే తెస్తన్నా నాన్నా."

"బాగా పనిచేస్తందా?"

"మా అందరికన్నా బాగా చేస్తంది. పోయిన నెల అవార్డు దానికే వచ్చింది."

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం.

"సరే గానీ, మరీ బిగించి కీ ఇవ్వబాక. స్ప్రింగు తెగిపోద్ది."