వేళచ్చేరి టు అంబత్తూరు, వయా సింగపూర్

మన ఇంటర్‌నెట్ కంపెనీలకు విదేశీ యాత్రలంటే ఎంత మోజో ఎవరూ రాయడం లేదు. వాళ్లు వెళ్లరు, మన డేటాను పంపిస్తారు.

మా ఇల్లు చెన్నై వేళచ్చేరిలో. అత్తగారు నెట్‌లో చూసే సీరియల్ కాపీ అంబత్తూరు డేటాసెంటర్‌లో కాష్ అయి, అంటే ముందే దాచిపెట్టి, ఉంది. పాతిక కిలోమీటర్లు లేదు. పక్క ఫ్లాట్‌లో వేరే కంపెనీ కనెక్షన్‌కు అక్కడి నుంచే వస్తోంది. మాకు మాత్రం, డేటా ఏ దారిన పోతోందో చూపించే ట్రేస్‌రూట్ కొట్టి చూస్తే, చెన్నై రౌటర్, ఇంకో చెన్నై రౌటర్, ఆ వెంటనే సింగపూర్! ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

సీరియల్ తీసింది హైదరాబాద్‌లో, చూసేది చెన్నైలో. కోడలు మాత్రం బంగాళాఖాతం అడుగున 3,000 కిలోమీటర్లు దాటొచ్చి మా హాల్లో ఏడుస్తోంది. వీసా లేదు, కస్టమ్స్ లేదు. ఆడపడుచు విషం కలిపిన పాలగ్లాసు కూడా అదే దారిన వస్తోంది, ఎవరూ ఆపరు. వీడియోతో పాటు సర్వర్ పంపే చీటీ (హెడర్) చూస్తే 'హిట్' అనే ఉంది, అంటే కాష్‌లో కాపీ దొరికిందని. హిట్టే, కాకపోతే సింగపూర్ కాష్‌లో. న్యాయంగా చెప్పాలంటే పోనూ రానూ 30 మిల్లీసెకన్ల ఆలస్యానికి సీరియల్ ఆగదు. రాత్రి తొమ్మిదికి ఆ అంతర్జాతీయ లింకు నిండిపోయి ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, రాలిపోతేనే ఆగుతుంది. అప్పుడు అత్త పాత్ర నోరు తెరిచి, వేలు చూపించి, అలాగే ఉండిపోతుంది. చక్రం తిరుగుతుంది. మా అత్తగారు నావైపు చూస్తారు.

కస్టమర్ కేర్ వారిది ఒకటే మంత్రం: మోడెం ఆఫ్ చేసి ఆన్ చేయండి. తర్వాత స్పీడ్ టెస్ట్. 200 ఎంబీపీఎస్ వచ్చింది. టెస్ట్ సర్వర్ వాళ్ల సొంత నెట్‌వర్క్‌లోనే ఉంది మరి, 200 రాక 20 వస్తుందా?

అసలు సంగతి ఏమిటంటే, నెట్‌వర్క్‌ల మధ్య దారి నిర్ణయించే బీజీపీ అనే పద్ధతికి కిలోమీటర్ల లెక్క తెలియదు. ఏ లింకుకు ప్రాధాన్యం అని కంపెనీ రాసిపెడితే అటే పోతుంది. ఆ రాతను నడిపించేది చాలాసార్లు డబ్బు. ఊళ్లోనే ఒకరితో ఒకరు ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకోండి బాబూ అని 2003లో నిక్సీ అనే సంస్థ పెట్టారు, చెన్నైలోనూ దాని ఎక్స్‌చేంజ్, అంటే కంపెనీల నెట్‌వర్క్‌లు కలిసే చోటు, ఉంది. ఉంటే సరిపోదుగా, అక్కడ చాలినంత పెద్ద కనెక్షన్ (పోర్టు) తీసుకోవాలి, అవతలివాళ్లతో కలవాలి. ఎవరు ఎవరికి డబ్బు కట్టాలనే పంతం తేలేదాకా కోడలికి సింగపూర్ తప్పదు.

ఇదంతా భరిస్తాను. భరించలేనిది, ఫిర్యాదు చేసినప్పుడల్లా మిట్టమధ్యాహ్నం నిచ్చెన భుజాన వేసుకుని వచ్చే ఆ కుర్రాడు. ఫైబర్‌లో సిగ్నల్ బలం కొలిచే పవర్ మీటర్ తగిలించి చూపించాడు: మైనస్ 19. లైను బంగారం. "నా చేతిలో ఏముంది సార్?" అన్నాడు. ఏమీ లేదు! తప్పు ఎక్కడో ఏసీ గదిలోని రౌటర్‌లో ఉందని తెలిసి కూడా ఈ పిల్లాణ్ణి ఎండలో స్తంభం ఎక్కిస్తారా? పైగా అతని పనికి ఎన్ని స్టార్లు ఇస్తారని నాకు మెసేజ్ పెడతారా? వాళ్లు వెధవపని చేసి, ఇంటింటా తిట్లు తినడానికి ఇతన్ని పంపిస్తారా? సిగ్గుండాలి!

ఈసారి ఆ రూటింగ్ రాసిన పెద్దమనిషినే పంపండి. స్తంభం ఎక్కనక్కర్లేదు. రాత్రి తొమ్మిదికి మా అత్తగారి పక్కన కూర్చుంటే చాలు.