సైడ్ ఎఫెక్టులు ఉండవని రాయకండి

రొమ్ము క్యాన్సర్‌కు నానో కణాలతో ఇచ్చే కీమోలో సైడ్ ఎఫెక్టులే ఉండవని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ ఒక్క మాట సరిచేయండి. మాది కావలి. మా వదినకు ఎక్కించింది ఈ నానో రకమే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ కీమోలో ఇచ్చే మందు పేరు పాక్లిటాక్సెల్. అది నీళ్లలో సరిగా కరగదు. మామూలు ఇంజెక్షన్‌లో దాన్ని ఆముదం నుంచి తయారుచేసిన ద్రావకంలో కలుపుతారు. ఎలర్జీ తెచ్చేది ఎక్కువగా ఆ ద్రావకమే. అందుకే ముందు స్టెరాయిడ్లు ఇచ్చి, చాలాసార్లు మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. నానో రకంలో అదే మందును ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో కలిపి, సుమారు 130 నానోమీటర్ల కణాలుగా చేస్తారు. ఆ ద్రావకం అక్కర్లేదు, అరగంటలో అయిపోతుంది. అమెరికాలో 2005లోనే దీనికి అనుమతి వచ్చింది. ఇది నిజంగా పెద్ద మేలు.

కానీ ఒంట్లోకి వెళ్లేది అదే మందు కదా. జుట్టు ఊడుతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కుతాయి. మా వదిన జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక కూతుర్ని పిలిచేది. స్టీలు గ్లాసు వేళ్లలోంచి జారిపోయేది. నీరసం వల్లేమోలే అనుకుని డాక్టరుకు చెప్పలేదు. చెప్పాక డోసు తగ్గించారు.

మా వైపు పల్లెల్లో జ్వరమొస్తే ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే. కీమోలో ఉన్నవాళ్లకు తెల్ల రక్తకణాలు తగ్గి ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి ఉండదు కాబట్టి, ఆ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలని వ్యాసంలో తప్పకుండా చేర్చండి.