మనకి గార్డ్ కావాలి, నిజమే. అయినా డ్రాఫ్ట్ పిక్ గార్డ్ కోసం వాడొద్దు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఆదివారం పొద్దున్నే బాస్కెట్‌బాల్ ఆడే తెలుగు బ్యాచ్ ఒకటుంది మాది. ఆట గంటన్నర. ఆ తర్వాత పార్కింగ్‌లో కార్ల దగ్గర నిలబడి మన ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ డాలస్ మావరిక్స్ గురించి వాదించుకోవడం రెండు గంటలు. ఈ సీజన్ మన టీమ్ ఓడుతున్న కొద్దీ ఆ రెండు గంటలూ ఒకే విషయం మీద గడుస్తున్నాయి: 2026 జూన్ డ్రాఫ్ట్‌లో ఎవర్ని తీసుకోవాలి? మొన్న మా బ్యాచ్‌లో అందరికంటే చిన్నవాడు నీళ్ల బాటిల్ కారు మీద పెట్టి ఖరాఖండీగా చెప్పాడు. "అన్నా, మనకి గార్డ్ లేడు. గార్డ్‌నే తీసుకోవాలి. ఇంకో ఫార్వర్డ్‌ని తెచ్చుకుని ఏం చేస్తాం?" దాదాపు అందరూ తలూపారు. నేను ఊపలేదు. అక్కడ నా మాట ఎవరూ పూర్తిగా విననివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

డ్రాఫ్ట్ సంగతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క. ఇది ఐపీఎల్ వేలంలా పాట పాడి కొనుక్కునేది కాదు. ప్లేఆఫ్స్‌కి చేరని 14 టీమ్‌లకి లాటరీ తీసి మొదటి నాలుగు స్థానాలు ఇస్తారు. మిగతావి ఓటముల లెక్క ప్రకారం. ఆ వరసలో ఒక్కో టీమ్ ఒక్కో కుర్రాణ్ణి ఎంచుకుంటుంది. ఆ అవకాశాన్నే పిక్ అంటారు. వాళ్లలో చాలామందికి 19, 20 ఏళ్లకి మించి ఉండవు. ఇక గార్డ్ అంటే బంతి ముందుకు తీసుకెళ్లి ఆట నడిపేవాడు, ఫార్వర్డ్ అంటే అతనికంటే పొడుగ్గా ఉండి బాస్కెట్ దగ్గరా బయటా ఆడేవాడు, సెంటర్ అంటే బాస్కెట్ కింద నిలబడే పొడుగు మనిషి.

ఈసారి అందరి నోళ్లలో నానుతున్న పేర్లు మూడు, ముగ్గురూ కాలేజీ కుర్రాళ్లే. కాన్సస్ గార్డ్ డారిన్ పీటర్సన్, బీవైయూ ఫార్వర్డ్ ఏజే డిబాన్సా, డ్యూక్ ఫార్వర్డ్ కామెరాన్ బూజర్. లాటరీ కలిసొస్తేనే వీళ్లు మనకి దక్కుతారు. కలిసి రాకపోతే హ్యూస్టన్ గార్డ్ కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్, ఆర్కాన్సా గార్డ్ డేరియస్ ఏకఫ్, నార్త్ కరోలినా ఫార్వర్డ్ కేలెబ్ విల్సన్ లాంటివాళ్లు. మా బ్యాచ్‌లో చాలామందికి విల్సన్ పేరెత్తితేనే చిరాకు. 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో తెచ్చుకున్న ఫార్వర్డ్ కూపర్ ఫ్లాగ్ మనకి ఉన్నాడు కదా, అదే సైజు, అదే చోటు, మళ్లీ ఇంకొకడెందుకని వాళ్ల ప్రశ్న.

వాళ్ల బాధ నాకు తెలియనిది కాదు. మన గార్డ్ కైరీ అర్వింగ్‌కి మార్చి 2025లో మోకాలి లిగమెంట్ తెగింది. ఈ సీజన్ మొదట్లో బంతి ముందుకు తీసుకెళ్లేవాడు లేక, కోచ్ జేసన్ కిడ్ ఆ పని 18 ఏళ్ల ఫ్లాగ్‌కి అప్పగించాడు. స్పర్స్‌తో మొదటి మ్యాచే మన గడ్డ మీద 33 పాయింట్ల తేడాతో పోయింది. ఆ రాత్రి చూసినవాళ్లెవరికైనా గార్డ్ కావాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కానీ అవసరం అనేది ఈ ఏడాదిది. మనం తీసుకునే కుర్రాడు పదేళ్లకి. ఈ రెండూ ఒకే తక్కెడలో పెట్టి తూస్తే ఎలా? మా నాన్న నూజివీడు దగ్గర తోటలో మామిడి మొక్కలు పెట్టేటప్పుడు మొక్క చూసేవాడు, నేల చూసేవాడు. ఆ వేసవి మార్కెట్లో ఏ కాయకి రేటు పలికిందో అడిగేవాడు కాదు. అది కాపుకొచ్చేసరికి మార్కెట్ ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?

ఇది గాలిమాట కాదు. మన టీమ్ చరిత్రే చెబుతోంది. 2018 డ్రాఫ్ట్ గుర్తు తెచ్చుకోండి. అంతకు ముందు ఏడాదే శాక్రమెంటో అయిదో పిక్‌తో డిఆరన్ ఫాక్స్‌ని తీసుకుంది. మనం తొమ్మిదో పిక్‌తో డెన్నిస్ స్మిత్ జూనియర్‌ని తీసుకున్నాం. ఇద్దరూ పాయింట్ గార్డులే, ఇద్దరూ కుర్రాళ్లే. 2018లో రెండో పిక్ శాక్రమెంటో చేతిలో ఉంది, లూకా డాంచిచ్ ఎదురుగా ఉన్నాడు. బంతి ఆడించడానికి ఫాక్స్ ఉండగా ఇంకొకడు ఎందుకన్న లెక్కే అప్పట్లో వినిపించింది. పొడుగు మనిషి కావాలని మార్విన్ బాగ్లీని తీసుకున్నారు. మనకీ అదే లెక్క వర్తించాలి కదా, స్మిత్ ఉన్నాడు కదా? మనవాళ్లు ఆ లెక్క వేయలేదు. అయిదో పిక్‌తో వచ్చిన ట్రే యంగ్‌నీ, పైగా మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్‌నీ అట్లాంటాకి ఇచ్చి లూకాని తెచ్చుకున్నారు. స్మిత్ ఏమయ్యాడు? 2019 జనవరి ఆఖర్లోనే న్యూయార్క్‌కి వెళ్లిపోయాడు. ఏ కుర్రాడి కోసమైతే లూకాని వద్దనుకోవాల్సి వచ్చేదో, ఆ కుర్రాడు ఏడాది తిరక్కుండానే మన టీమ్‌లో లేడు.

అదే డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్‌కి సెంటర్ కావాలి, మొదటి పిక్‌తో డిఆండ్రే ఏటన్‌ని తీసుకుంది. న్యాయంగా చెప్పాలి, అతనితో వాళ్లు 2021 ఫైనల్స్ దాకా వెళ్లారు. అవసరం చూసి తీసుకున్న ప్రతివాడూ పనికిరాకుండా పోతాడని నేను అనను. కానీ 2022లో అదే ఫీనిక్స్‌లో, వాళ్ల జనం మధ్య, ప్లేఆఫ్స్‌లో మనకీ వాళ్లకీ తేల్చేసే ఏడో మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి ఫీనిక్స్ టీమ్ మొత్తానికి 27 పాయింట్లు. లూకా ఒక్కడికే 27. ఆ స్కోరు టీవీ తెర మీద పడినప్పుడు మా ఇంట్లో ఎవరూ అరవలేదు కూడా, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం. 33 పాయింట్ల తేడాతో గెలిచాం. ఆ రాత్రి ఫీనిక్స్ వాళ్లకి సెంటర్ ఉన్నాడు. లూకా మనకున్నాడు.

మనం తొందరపడ్డ సంగతులూ ఉన్నాయి. 2013లో మనకి 13వ పిక్. యానిస్ ఆంటెటోకౌంపో అనే గ్రీస్ కుర్రాడు అప్పటికి మిగిలే ఉన్నాడు. ఆటగాళ్లని ఎంచే మన ఫ్రంట్ ఆఫీసులో అతని మీద మనసు పడ్డవాళ్లూ ఉన్నారు. అయితే ఆ వేసవిలో మనకి డ్వైట్ హోవర్డ్ అనే సెంటర్ కావాలి, దానికి జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితిలో చోటు మిగల్చాలి. అందుకని 13 నుంచి 16కి, 16 నుంచి 18కి దిగాం. మధ్యలో 15వ పిక్‌తో మిల్వాకీ యానిస్‌ని ఎత్తుకుపోయింది. హోవర్డ్ వచ్చాడా? రాలేదు, హ్యూస్టన్ వెళ్లాడు. యానిస్ రెండుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏడాది మేటి ఆటగాడు అయి, 2021లో మిల్వాకీకి టైటిల్ తెచ్చాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఇంక 2025 ఫిబ్రవరి. శనివారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. లూకాని లేకర్స్‌కి ఇచ్చేశారట. ఎవరిదో అకౌంట్ హ్యాక్ అయిందనుకుని మళ్లీ పడుకోబోయాను. తెల్లారాక మా అబ్బాయి లూకా 77 నంబరు జెర్సీ వేసుకుని హాల్లోకి వచ్చాడు, వాడికింకా తెలియదు. వాడికి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ ట్రేడ్‌కి చెప్పిన కారణం కూడా అవసరమే: డిఫెన్స్ ఉంటేనే ఛాంపియన్‌షిప్ వస్తుంది, ఇప్పుడే గెలవాలి, ఆంథొనీ డేవిస్ కావాలి. 25 ఏళ్లవాణ్ణి ఇచ్చి 31 ఏళ్లవాణ్ణి తెచ్చారు. డేవిస్ మన జెర్సీలో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ నీకో హారిసన్‌ని నవంబర్‌లో తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మనం చేసుకున్న పుణ్యం ఏమిటో గానీ అదృష్టం మళ్లీ తలుపు తట్టింది. 2025 మే 12, సోమవారం సాయంత్రం. లాటరీలో వెయ్యి కాంబినేషన్లలో మనవి 18. అంటే 1.8 శాతం. నేను వంటింట్లో పిల్లలకి దోసెలు పోస్తూ ఫోన్ డబ్బాకి ఆనించి పెట్టుకుని చూస్తున్నాను. 14 నుంచి కిందికి ఒక్కో కవరు తెరుస్తూ వస్తున్నారు. మన టీమ్ బొమ్మ 11 దగ్గర రావాలి. 11 తెరిచారు, పోర్ట్‌లాండ్. ఒక్క క్షణం అర్థం కాలేదు. మన బొమ్మ అక్కడ రాలేదంటే మొదటి నాలుగులోకి ఎగబాకామన్న మాట. గరిటె పెనం మీదే వదిలేసి హాల్లోకి పరిగెత్తాను. నాలుగు షార్లెట్, మూడు ఫిలడెల్ఫియా, రెండు స్పర్స్. మొదటిది మనదే! దోసె నల్లగా మాడిపోయింది. మా ఆవిడ వచ్చి స్టవ్ కట్టేసింది.

మరి ఆ తర్వాత వారం మా పార్కింగ్‌లో ఏం వాదించుకున్నారో తెలుసా? కైరీ లేడు, డేవిస్, పీజే వాషింగ్టన్ అనే ఫార్వర్డులు ఉన్నారు, కాబట్టి స్పర్స్‌తో పిక్ మార్చుకుని రట్గర్స్ గార్డ్ డిలన్ హార్పర్‌ని తెచ్చుకుందామని కొందరు. పిక్ ఇచ్చేసి రెడీమేడ్ స్టార్‌ని తెచ్చుకుందామని కొందరు. హార్పర్ మంచి ఆటగాడే, నాకు ఇష్టమే. కానీ ఫ్లాగ్ అందరికంటే మెరుగని ఎవరూ కాదనలేదు, అయినా వద్దన్నారు! డిసెంబర్‌లో అదే ఫ్లాగ్, 19 నిండడానికి వారం ముందు, యూటా మీద 42 పాయింట్లు కొట్టాడు. 18 ఏళ్ల వయసులో 40 దాటినవాడు లీగ్‌లో అంతకు ముందు లేడు. ఆ రాత్రి మేం ఓడాం, అయినా మెసేజ్‌లు ఆగలేదు. హార్పర్ కావాలన్నవాళ్లే అందరికంటే ముందు పంపారు.

ఇక్కడ నేనూ ఒప్పుకోవాల్సింది ఒకటుంది. 2015లో మన టీమ్ 52వ పిక్‌తో సత్నామ్ సింగ్‌ని తీసుకుంది. పంజాబ్ పల్లెటూరి కుర్రాడు, ఏడడుగుల రెండంగుళాలు, భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఆ రాత్రి నాకు కన్నీళ్లొచ్చాయి. అతను ఇక్కడే ఫ్రిస్కోలో, మావరిక్స్ కింది టీమ్ టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు. ఒక మ్యాచ్‌కి వెళ్లాను. జెండాలు పట్టుకుని మనవాళ్లు బోలెడుమంది. ఆట అయిపోవస్తుండగా అతను బెంచి మీద నుంచి లేచాడు, హాలంతా మనవాళ్ల గోలే. కానీ కోర్టులో ఆట అప్పటికే మారిపోయింది. అందరూ బయట నిలబడి మూడు పాయింట్ల షాట్లు వేస్తున్నారు, పరుగే పరుగు. బాస్కెట్ కింద నిలబడి ఆడే అంత పెద్ద మనిషికి అందులో చోటు కనబడలేదు. ప్రతిసారీ కోర్టు దాటి వచ్చేసరికి బంతి అవతలికి వెళ్లిపోయేది. రెండు సీజన్ల తర్వాత అతను ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే వెళ్లిపోయాడు. 52వ పిక్‌తో ప్రయత్నించడం తప్పు కాదు. కానీ ఆ కుర్రాణ్ణి చూసి మేం వేసిన కేకలు అతని ఆట కోసం కాదు, మాకు మనవాడు ఒకడు కావాలన్న ఆశ కోసం. అది మా అవసరం. దాని బరువు మోసింది మాత్రం 20 ఏళ్ల కుర్రాడు. ఎవర్నైనా "బస్ట్", అంటే దండగ పిక్ అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లని చూస్తే అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

డర్క్ నోవిట్స్‌కీని కూడా మొదటి ఏడాది అలాగే అన్నారు. 1998లో ఆరో పిక్ రాబర్ట్ ట్రేలర్‌ని మిల్వాకీకి ఇచ్చి ఆ జర్మనీ కుర్రాణ్ణి తెచ్చుకున్నాం. మొదటి సీజన్‌లో సగటున 8.2 పాయింట్లు. ఎదురుచూశారు కాబట్టి 21 సీజన్లు, 2011 టైటిల్.

మిగతా టీమ్‌ల కథలు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. అదే చోట ఆడే క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడని 1984లో పోర్ట్‌లాండ్ మైకేల్ జోర్డన్‌ని వదిలేసి శామ్ బౌవీని తీసుకుంది. సెంటర్ కావాలని 2020లో గోల్డెన్ స్టేట్ లమెలో బాల్‌ని వదిలేసి జేమ్స్ వైజ్‌మన్‌ని తీసుకుంది, మూడేళ్లు తిరక్కుండా పంపేసింది.

ఈసారి తొందరపడితే దిద్దుకునే వీలు కూడా లేదు. పీజే వాషింగ్టన్ కోసం 2027 మొదటి రౌండ్ పిక్ షార్లెట్‌కి రాసిచ్చేశాం, మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప అది మనది కాదు. 2028లో మన పిక్ మార్చుకునే హక్కు ఓక్లహోమా సిటీది. రాబోయే కొన్నేళ్లలో పూర్తిగా మన చేతిలో మన సొంత పిక్ ఉన్న ఏడాది ఇదే.

నా లెక్క ఇది. మొదటి పిక్ పడితే పీటర్సన్, అతను గార్డ్ అని కాదు, ఒళ్లు సహకరించినప్పుడు కాలేజీలో అతని అంత సులువుగా పాయింట్లు తెచ్చేవాడు నాకు కనబడలేదు కాబట్టి. రెండో పిక్ అయితే బూజర్. ఫ్లాగ్ లాగే ఫార్వర్డ్, ఎగరలేడు అంటున్నారు. వాళ్ల నాన్న కార్లోస్‌ని 2002లో రెండో రౌండ్ దాకా ఎవరూ ముట్టుకోలేదు, ఆయన రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. కొడుకు బంతి ఎక్కడ పడుతుందో ముందే అక్కడుంటాడు, పాస్ ఇస్తాడు, నాకది చాలు. మూడైతే డిబాన్సా, ఆలోచించాల్సిన పనే లేదు. ఇంకా కిందికి జారి, ఫ్లెమింగ్స్, ఏకఫ్, విల్సన్ ముగ్గురూ మిగిలి ఉంటే విల్సన్‌ని తీసుకోవాలి. ఆరడుగుల పది అంగుళాల మనిషి అంత చురుగ్గా కదలడం రోజూ చూసేది కాదు. ఫ్లాగ్‌కి ఇంకా 19 ఏళ్లే, వాళ్లిద్దరూ కలిసి ఆడటం నేర్చుకుంటారు. పాయింట్ గార్డ్‌ని జులైలో జీతమిచ్చి తెచ్చుకోవచ్చు, ప్రతి వేసవీ దొరుకుతారు.

తమ్ముడూ, వచ్చే ఆదివారం కూడా ఇదే చెబుతాను. ఈసారి మధ్యలో ఆపకుండా విను.